గేటు లేనోళ్ల మొఖాలే దొరికినయా మీకు?

పోస్టు పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి. సగం చదివి కింద కొట్లాటకు రావద్దు.

మొన్న మన గ్రూపులోనే ఒక ఫోటో పెట్టారు. కొండాపూర్ రోడ్డు పక్కన సీతాఫలాల గంప ముందట కూర్చున్న మన లంబాడి అవ్వ. ఫేటియా, కాంచళి, చేతుల నిండ బలియాలు. తల వంచుకొని చిల్లర లెక్క పెట్టుకుంటున్నది. వెనక మసకమసకగా అద్దాల బిల్డింగు. కింద "అసలు సిసలు ఇండియా" అనే అర్థం వచ్చేటట్టు ఇంగ్లీషులో ఒక ముక్క. మనోళ్లే ఎగబడి లైకులు కొట్టారు, "క్యాండిడ్ అంటే ఇట్ల ఉండాలె అన్నా" అని మెచ్చుకున్నారు. నేను కామెంట్లో మూడు ప్రశ్నలు అడిగిన. ఆ అవ్వ పేరేంది? తెలియదు. ఏ తండా? తెలియదు. ఫోటో తీసినట్టు ఆమెకన్న తెలుసా? "తెలిస్తే అది క్యాండిడ్ ఎట్ల అయితది బ్రో" అని జవాబు.

ఆ ఒక్క జవాబు కోసమే ఈ పోస్టు. ఆ తమ్ముడి మీద నాకు కోపం లేదు. వాడు నేర్చుకున్నదే వాడు చెప్పిండు. నేర్పినోళ్ల మీదనే నా పంచాయితీ.

హైటెక్ సిటీ చుట్టుపక్కల శని, ఆదివారాలు ఫోటో వాక్‌లు నడుస్తుంటయి, మీకు తెలుసు. పది పదిహేను మంది కెమెరాలు మెడకేసుకొని పొద్దుగాల్నే మార్కెట్లకు పోతారు. మనోళ్లు కూడా పోతున్నారు, కొంతమంది ఫోన్లతోనే. అక్కడ చెప్పే పాఠాలు దాదాపు ఒక్కతీరుగనే ఉంటయి. దూరం నుండి కొట్టు. నడుము దగ్గర కెమెరా పెట్టుకొని చూడనట్టే కొట్టు. ఎవరన్న చూస్తే నవ్వి ముందుకు నడువు. అడిగితే మొఖం బిగుసుకుపోతది, సహజత్వం పోతది. అడగాల్సిన పని కూడా లేదు, అది పబ్లిక్ ప్లేస్. ఈ చివరి మాట దగ్గర ఆగుదాం.

పబ్లిక్ ప్లేస్ అంటే ఏంది? మాదాపూర్‌లో, రాయదుర్గంలో ఏ పెద్ద కంపెనీ గేటు ముందటనైనా నిలబడి కెమెరా ఎత్తి చూడండి. రెండు నిమిషాలు గడవకముందే సెక్యూరిటీ అన్న వచ్చి "సార్, ఇక్కడ ఫోటోలు తీయొద్దు" అంటాడు. (ఆ అన్న కూడా సగం సార్లు మన జిల్లాలోడే ఉంటాడు, అది వేరే బాధ.) మీరు నిలబడింది రోడ్డు మీదనే. రోడ్డు పబ్లిక్‌దే. వాదించొచ్చు. కానీ ఫోటో వాక్‌కు పోయినోళ్లలో అక్కడ నిలబడి వాదించినోన్ని నేను ఇంతవరకు చూడలే. "సారీ" చెప్పి కెమెరా దించుతారు. దించి, పది అడుగులు నడిచి, ఫుట్‌పాత్ మీద ఆకుకూరలు పరుచుకున్న అక్క మీదికి అదే లెన్సు తిప్పుతారు. అప్పుడు మాత్రం అది పబ్లిక్ ప్లేస్ అయితది, కళ అయితది, హక్కు అయితది.

పొద్దున తొమ్మిదిన్నరకు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ మెట్లు దిగే జనం మొఖాలు చూసిన్రా? నిద్ర, అలసట, ఈఎంఐ టెన్షన్, మేనేజర్ భయం అన్నీ ఉంటయి ఆ మొఖాల్లో. క్యాండిడ్‌కు అంతకంటె సరుకు ఎక్కడ దొరుకుతది? మరి ఆ ఫోటోలు ఎందుకు రావు? ఆ మెడలో కంపెనీ ట్యాగ్ ఉన్న మనిషి ఆగి "ఎవరు మీరు, డిలీట్ చేయండి" అంటాడు కాబట్టి. ఆయనకు హెచ్‌ఆర్ ఉంది, లాయర్ ఫ్రెండు ఉన్నాడు, ట్విట్టర్ ఉంది. ఆయన చుట్టూ కనబడని గేటు ఒకటుంది. గంప ముందట కూర్చున్న అవ్వకు గేటు లేదు. క్యాండిడ్ పేరుతోని మనం చేస్తున్నది ఏందంటే, గేటు లేనోళ్లను వెతుక్కొని పోయి కొట్టుడు. వెలుతురు, సరైన క్షణం, ఎమోషన్ అని మనం చెప్పుకునేయన్నీ ఆ తర్వాతి సంగతులు.

ఈ పద్ధతికి పెద్ద గురువని చెప్పుకునే హెన్రీ కార్టియే బ్రెసన్ అనే ఫ్రెంచాయన 1952లో ఒక పుస్తకం వేసిండు. ఇంగ్లీషులో దాని పేరు "నిర్ణాయక క్షణం" అన్నట్టుగా పెట్టుకున్నారు, వర్క్‌షాపుల్లో అదే జపం చేస్తారు. అసలు ఫ్రెంచ్ పేరు వేరు: "ఇమాజ్ ఆ లా సొవెత్". ఆ "ఆ లా సొవెత్" అనే మాటను ఫ్రెంచోళ్లు ఎక్కడ వాడతారో తెలుసా? లైసెన్సు లేకుండ రోడ్డు మీద సరుకు పరిచి, పోలీసు రాంగనే మూట గట్టుకొని ఉరికే చిల్లర వ్యాపారుల అమ్మకాన్ని అట్ల అంటారు. అంటే ఫుట్‌పాత్ మీద మన అక్క ఏ భయంతోని కూర్చుంటదో, ఆ మాటనే కెమెరా పట్టుకున్నాయన తన కళకు పేరుగ పెట్టుకున్నడు. ఉరికే బాధ ఆమెది, పేరు ఈయనది. ఆయన ఫోటోలు గొప్పయి కావని నేను అనట్లేదు. వర్క్‌షాపుల్లో ఈ సగం కూడా చెప్పుండ్రి అంటున్న.

ఇంకో సంగతి. సైబరాబాద్‌లో ఎవడన్న మన దిక్కు కెమెరా ఎత్తితే మొదట మనకు ఏం గుర్తొస్తది? చలాన్. బండి మీద పోతుంటే వెనక నుండి ట్రాఫిక్ పోలీసు ఫోటో కొడతాడు, ఇంటికొచ్చేసరికి మెసేజ్ వస్తది. ఫుట్‌పాత్ మీద అమ్ముకునేటోళ్లకు ఆ భయం రెండింతలు. బల్దియా వాళ్లు వచ్చినా ముందు ఫోటోనే కొడతారు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది, వెండింగ్ సర్టిఫికెట్ ఇవ్వాలె, ఇష్టమొచ్చినట్టు లేపొద్దు అని అండ్ల ఉన్నది. కానీ సీజన్‌కు రెండు నెలలు ఊరి నుండి వచ్చి సీతాఫలాలు అమ్మే అవ్వ దగ్గర ఏ సర్టిఫికెట్ ఉంటది? మీరు లొకేషన్ ట్యాగ్ పెట్టి, మొఖం కనబడేటట్టు, ఏ టైంకు ఏ మూల మీద కూర్చుంటదో లోకానికి చెప్తున్నారు. మీకు అది ఆర్టు. ఆమెను లేపాలనుకున్నోనికి అది సాక్ష్యం.

నేను భయపెడుతున్నా అనుకుంటున్నరా? 2021 మేలో, లాక్‌డౌన్ టైంల, ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను హైదరాబాద్ పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని చెప్పి ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఎందుకు, ఎక్కడికి పోయిందని ఆయన అడిగిండు, మొఖాలు గుర్తుపట్టే టెక్నాలజీ వాడకం మీద తెలంగాణ హైకోర్టుకు పోయిండు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. చదువుకున్న, చట్టం తెలిసిన మనిషి అడగగలిగిండు. అంగడిలో మన అక్క మాత్రం మొఖం పక్కకు తిప్పుకుంటది, కొంగు అడ్డం పెట్టుకుంటది. మీరు దానికి "సిగ్గు" అని క్యాప్షన్ రాస్తరు.

కుమారి ఆంటీ సంగతి అందరికీ తెలుసు. దుర్గం చెరువు దగ్గర ఏండ్ల నుండి అన్నం అమ్ముకుంటున్న ఆమె. యూట్యూబోళ్లు ఎగబడ్డరు, ఆమె అన్న ఒక్క మాట మీద రీళ్ల మీద రీళ్లు చేసిన్రు. జనం పెరిగిన్రు, ట్రాఫిక్ జామైంది. 2024 జనవరి చివర్లో పోలీసులు వచ్చి ఆమె స్టాల్ ఆపేసిన్రు. జనాన్ని తెచ్చింది కెమెరా పట్టుకున్నోళ్లు, బండి మాత్రం ఆమెది ఆగింది. ఆఖరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకుంటే మళ్లీ అక్కడనే పెట్టుకోనిచ్చిన్రు. ఆమెకు కెమెరా మంచే చేసింది కదా అని మీరనొచ్చు. ఆమెకు చేసిందే అనుకుందాం. గంప ఎత్తేసిన ప్రతి అవ్వ కోసం ముఖ్యమంత్రి ట్వీట్ పెడ్తడా?

ఇప్పుడు మన చరిత్రకు వద్దాం, ఎందుకంటే ఈ గ్రూపు గిరిజన విద్యార్థులది. మన మీద కెమెరా ఎత్తుడు ఈ ఐటీ పిల్లలతోని మొదలు కాలేదు. 1857 తిరుగుబాటు తర్వాత, ఈ దేశంలో ఎవరెవరున్నారో లెక్క తెలుసుకోవాలని తెల్లోళ్లు కులాలను, తెగలను ఫోటోలు తీయించి 1868 నుండి 1875 దాకా ఎనిమిది సంపుటాలు అచ్చేసిన్రు. కింద చాలా వరకు మనిషి పేరు ఉండదు, తెగ పేరు ఉంటది, ఆ తెగ గుణం ఎట్లాంటిదో ఒక తీర్పు ఉంటది. తర్వాత మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ వచ్చిండు. మనోళ్ల ముక్కులు, తలలు కొలిచిండు, 1909లో ఏడు సంపుటాలు వేసిండు. మన పుట్టుక గురించి చదువుదామంటే ఇయ్యాల్టికీ లైబ్రరీలో మనకు అందించేది ఆ పుస్తకమే. పేరు లేని అవ్వ ఫోటో కింద "అసలు సిసలు ఇండియా" అని రాసుడుకూ దానికీ తేడా ఏందో చెప్పుండ్రి. కెమెరా మారింది, ఇంగ్లీషు కొంచెం తీయగైంది.

హైమండార్ఫ్ సంగతేంది అని ఆదిలాబాద్ తమ్ముళ్లు అడుగుతరు. అడగాలె. ఆయన ఫోటో తీసి పోయిన మనిషి కాదు. 1940ల్లో నిజాం రాజ్యంలో చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర, గోండుల దగ్గర ఉన్నడు. మార్లవాయిలో గుడిసె వేసుకొని భార్య బెట్టీతో కలిసి బతికిండు, భాష నేర్చుకున్నడు, సర్కారుకు సలహాదారుగా ఉండి భూముల పట్టాలు, బడుల కోసం పని చేసిండు. 1987లో బెట్టీ చనిపోతే సమాధి మార్లవాయిలోనే కట్టిన్రు, ఇప్పటికీ అక్కడ ఆమెను యాది చేసుకుంటరు. ఆయన తీసిన వేల ఫోటోలు మాత్రం లండన్‌లో సోయాస్ దగ్గర ఉన్నయి. మన తాతల మొఖం చూసుకోవాలంటే లండన్ కేసి చూడాలె. మంచిగ ఉన్న మనిషి కథే ఇట్లుంటే, ఆదివారం రెండు గంటలు వచ్చి పోయేటోని సంగతేంది?

ప్రపంచంలో ఎక్కువ మంది చూసిన ఫోటోల్లో ఒకటి మన లాంటి ఆదివాసీ ఆడమనిషిది. మనలో ఎంతమందికి తెలుసు? 1936లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీలు ఏరే కూలీల గుడారంలో డొరోథియా లాంగ్ తీసిన "వలస తల్లి". ఇద్దరు పిల్లలు మొఖాలు దాచుకొని తల్లి భుజాల మీద వాలి ఉంటరు, ఒళ్లో పసిబిడ్డ ఉంటది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. చెరోకీ తెగ బిడ్డ. అది దాచి తీసింది కాదు, ఎదురుగ నిలబడి తీసిందే. అయినా లాంగ్ పేరు అడగలేదు. 40 ఏండ్లకు పైగా లోకానికి ఆమె వట్టి "వలస తల్లి" మాత్రమే. 1978లో ఆమెనే బయటికొచ్చి అది నేనే అని చెప్పింది, ఆ ఫోటో తీయకుంటే బాగుండు, నాకు ఒక్క పైసా రాలేదు అన్నది. 1983లో చనిపోయింది. 1998లో ఆ ఫోటో అమెరికా పోస్టల్ స్టాంపు అయింది. ఆ ఫోటో పేపర్లో వచ్చినంక ఆ క్యాంపుకు సర్కారు తిండి పంపింది నిజమే, అది కాదనలేం. అప్పటికే ఆమె కుటుంబం అక్కడి నుండి వెళ్లిపోయింది.

దూరం పోవాల్సిన పని లేదు. మన హాస్టల్ చెల్లె ఒకామె ఉంది, పేరు చెప్పను. ఆదివారాలు వాళ్ల యాడి పక్కన కూర్చొని కూరగాయలు జోకేది. ఎవరో తీసిన ఫోటో తిరిగి తిరిగి ఆమె క్లాసు వాట్సాప్ గ్రూపులో పడ్డది. ఎవ్వరూ తిట్టలేదు. "ఇన్‌స్పైరింగ్" అని పొగిడిన్రు. చేతులు జోడించే బొమ్మలు పెట్టిన్రు. ఆ తర్వాత ఆదివారం నుండి ఆమె అంగడికి పోవుడు బంద్ చేసింది. వాళ్ల యాడి ఒక్కతే మూటలు దించుకుంటది, ఒక్కతే జోకుతది, మధ్యల లేచి పోవాల్సొస్తే పక్కామెను చూడమని చెప్పి పోతది. ఆ చెల్లెకు అమ్ముకునుడు సిగ్గు కాదు. క్లాసులో ఎప్పుడు, ఎవరికి, ఎట్ల చెప్పుకోవాల్నో అది ఆమె చేతిలో ఉండాల్సిన సంగతి. దాన్నే గుంజుకున్నరు, పొగిడి మరీ గుంజుకున్నరు.

చట్టం అంటరా? పబ్లిక్ ప్లేస్‌లో ఫోటో తీయొద్దనే చట్టం మన దేశంలో మొత్తానికి లేదు, నేను అబద్ధం చెప్పను. కానీ 2017 ఆగస్టు 24 నాడు పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చిన్రు, మనిషి పబ్లిక్ ప్లేస్‌లో ఉన్నంత మాత్రాన అది పోదని కూడా ఆ తీర్పులోనే ఉన్నది. హంగరీలో 2014 నుండి ఫోటో తీయాలన్నా మనిషి ఒప్పుకోవాలె. అమెరికాలో కోర్టులు ఫోటోగ్రాఫర్ దిక్కే ఉంటయి. నాకు వీటి మీద పెద్ద పట్టింపు లేదు. మన యాడి ముందట కూర్చొని చట్టం చదువుతమా మనం?

ఇగ అసలు వాదన. "అడిగితే సహజత్వం పోతది." ఇది అబద్ధం, ఒట్టి బద్ధకం. అంగడి ఎట్ల నడుస్తదో తెలిసినోడు ఈ మాట అనడు. రోడ్డు మీద నడిచిపోయే మనిషి మళ్లీ దొరకడు, అది వేరే. అంగడిలో కూర్చున్న అక్క కదలదు. గల్లీలో వారానికొక్కసారి అంగడి పడుతది, వచ్చే వారం అదే మూల మీద అదే అక్క ఉంటది. పోండి. ముందు పావుకిలో పచ్చిమిరపకాయలు కొనండి. మన భాష వస్తే మన భాషలో మాట్లాడండి, ఏ తండా అని అడగండి, మీది చెప్పండి. "అక్కా, నేను ఫోటోలు తీస్త, నీయి తీసుకోవాల్నా?" అని అడగండి. వద్దంటే అయిపోయింది, నమస్తే పెట్టి రండి. సరే అంటే మొదటి ఐదు నిమిషాలు బిగుసుకుంటది, కొంగు సర్దుకుంటది, నవ్వుతది. తీయండి, ఆ ఫోటోలు కూడా ఆమెకు కావాల్సినయే. ఆ తర్వాత గిరాకీ వస్తది. "కిలో నలభయ్యా? అక్కడ ముప్పైకే ఇస్తున్నరు" అని ఎవడో బేరం మొదలుపెడ్తడు. అప్పుడు ఆమెకు మీరు గుర్తుంటరా? ఆమె లోకంల ఆమె పడిపోతది. మీకు కావాల్సిన క్యాండిడ్ అదే. అడిగినంక కూడా దొరికింది. కాకపోతే గంట కూర్చోవాలె. ఆ గంట మీ దగ్గర లేదు కాబట్టి సిద్ధాంతం చెప్తున్నరు.

దూరం నుండి కొట్టే పెద్ద లెన్సు ఇంట్ల పెట్టి రండి. ఫోన్ చాలు, లేదంటె 35 ఎంఎం లెన్సు, మూడు నాలుగడుగుల దూరం. అంత దగ్గర కూర్చుంటే దొంగతనంగా తీయలేరు, అదే దాని మంచితనం. నిలబడి కిందికి చూసుకుంట తీయకండి, గంప ఎత్తుకు కూర్చోండి. కూర్చుంటే ఆమె మొఖం వెనక ఆకాశమో పక్క బండో వస్తది. నిలబడితే మట్టి వస్తది, ఆమె చిన్నగ కనబడుతది. తీసినయి స్క్రీన్ మీద చూపించండి, తీసేయమన్నది అక్కడనే తీసేయండి. పిల్లల ఫోటోలు తల్లిని అడగకుండ వద్దే వద్దు. లొకేషన్ పెట్టకండి. ఒక ప్రింటు తీయించి వచ్చే వారం ఇయ్యండి, ఒక టీ కంటె పెద్ద ఖర్చేం కాదు.

ఇట్ల తీసి పెద్ద ఫోటోగ్రాఫర్లు అయినోళ్లు లేరా అంటే ఉన్నరు. మదురై బిడ్డ పళని కుమార్, వాళ్లమ్మ చేపలు అమ్ముకునే ఆమె. సఫాయి పని చేసేటోళ్ల బతుకు మీద ఏండ్లకేండ్లు ఫోటోలు తీసిండు, చేపల మార్కెట్ల అమ్మను కూడా తీసిండు, 2022లో దయానితా సింగ్, పారి కలిసి ఇచ్చిన డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ అవార్డు మొదటిసారి ఆయనకే వచ్చింది. సఫాయి కార్మికుల పిల్లలకు కెమెరా పట్టుడు నేర్పిస్తడు. మన వరంగల్ భరత్ భూషణ్ సారు, 2022లో పోయిన్రు, తెలంగాణ పల్లె ఆడోళ్లను ఎంత గౌరవంగ తీసిన్రో ఆ ఫోటోలే చెప్తయి.

"మరి బల్దియా వాళ్లు బండ్లు ఎత్తుకపోతుంటే, పోలీసోడు గంప తన్నుతుంటే కూడా పర్మిషన్ అడగాల్నా?" అని ఒక అన్న మెలిక పెట్టిండు. వద్దు. అప్పుడు ఎవ్వన్నీ అడగకండి, కొట్టండి, వీడియో తీయండి. డ్యూటీ మీదున్నోని వెనక గేటు ఉంది, సర్కారు ఉంది. కెమెరా ఉన్నదే దానికి. కానీ పెట్టేముందు అందులో ఉన్న అక్క మొఖం గురించి ఆమెను అడగండి, రేపు అక్కడ మళ్లీ కూర్చోవాల్సింది ఆమెనే.

"మనోళ్లే కదా, మనం తీస్తే తప్పేంది" అనే మాట నాకు ఇంకా ఎక్కువ కోపం తెప్పిస్తది. ఎవరు మనోళ్లు? ఫీజు కట్టి ఫోటో వాక్‌కు పోయి, అక్కడోళ్ల ముందట మా అమ్మమ్మ కూడా ఇట్లనే ఉంటదని చెప్పుకోలేక, ఆ అవ్వను దూరం నుండి లెన్సుతోని గుంజినప్పుడు మనం ఎవరోళ్లం? 1998లో సైబర్ టవర్స్ తెరిచిన కాన్నుండి ఈ దిక్కు లేచిన బిల్డింగులకు తట్టలు మోసినోళ్లలో పాలమూరు, నల్లగొండ తండాల జనం ఎంతమందో మన ఇండ్లలోనే అడగండి. ఆ అద్దాల బిల్డింగును వెనక మసకగా పెట్టి, అవ్వను ముందట పెట్టి "కాంట్రాస్ట్" అంటున్నరు. ఆ బిల్డింగులో ఆమె కొడుకు సిమెంటు కూడా ఉండొచ్చు. అడిగితే చెప్పేది. శిల్పారామంలోకి పోతే టికెట్ పెట్టి పల్లెటూరి బొమ్మలు చూపిస్తరు, ఆ బొమ్మలను పర్మిషన్ అడగాల్సిన పని లేదు, ఎన్నన్న కొట్టుకోండి.

అడ్మిన్ అన్నలకు ఒక విన్నపం. మన గ్రూపులో అంగడి ఫోటోలు, తండా ఫోటోలు, గూడెం ఫోటోలు పెట్టేటోళ్లు మనిషి ఒప్పుకున్నదా లేదా ఒక్క లైను రాయాలె అని రూలు పెట్టండి. పేరు పెట్టుడా వద్దా అనేది ఆ మనిషి ఇష్టం. ఒప్పుకోనియి తీసేయండి, మొన్నటి ఫోటోతోని మొదలుపెట్టి. గోండి, కోయ, గోర్ బోలి, ఏ భాష వచ్చినోళ్లు ఆ భాషలో "ఫోటో తీయాల్నా" అని ఎట్ల అడగాల్నో కింద కామెంట్లలో రాయండి, అన్నీ కలిపి ఒక పోస్టుగ పిన్ చేద్దాం. వచ్చే ఆదివారం కెమెరా లేకుండ అంగడికి పోదామనుకుంటున్న, నలుగురైదుగురు వస్తమంటే మెసేజ్ పెట్టండి. సెమిస్టర్ పరీక్షలు నడుస్తున్నయి, జవాబులు లేటయితే ఏమనుకోకండి.